ఇమాం సాబ్ చెప్పులు

పంతొమ్మిదివందల నలభైలలో ఏదో పని మీద బెజవాడ నుంచి వెళ్లి, మేడ్చల్‌లో రైలు దిగి శామీర్‌పేటకు నడిచాను. నాకు తోడొచ్చిన ఇమాం సాబ్ ఊరూరా టపా మోసి ముసలివాడైన మనిషి. మేడ్చల్ దాటగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. అదేమిటన్నాను.

"తొవ్వల ఎవరు జూస్తరు సారూ? ఊరు రాంగనే తొడుగుత. కొని పదేండ్లాయె, ఇంకా కొత్తయే!"

నా కొత్త బూట్లు చూసుకుని నవ్వాను. రెండు కోసులు నడిచేసరికి మడమలు బొబ్బలెక్కి, నవ్వు ఆగిపోయింది.

"బూట్లు ఇప్పుండ్రి సారూ. చిన్న చిన్న అడుగులెయ్యుండ్రి. గంత జల్దీ ఏంది? శామీర్‌పేట యాడికీ పోదు."

నేనూ ఉత్తకాళ్లతోనే నడిచాక, ఊరి పొలిమేరలో కూర్చుని ఇద్దరం కాళ్లు దులుపుకున్నాం. వాచిన నా పాదాలు ఎంత తొక్కినా బూట్లలో పట్టలేదు. ఉత్తకాళ్లతో ఊళ్లోకి ఎలా వెళ్లేదని సిగ్గుతో కుంగిపోతుంటే, ఇమాం సాబ్ తన చెప్పులు నా ముందు పెట్టి, నా బూట్లు తాను తొడుక్కుని, టకటకలాడిస్తూ ముందు నడిచాడు.

ఊళ్లో అందరూ ఆయనకే సలాం కొట్టారు. వెనక కుంటుతూ వస్తున్న నన్ను చూపించి, ఎవరని అడిగాడొకాయన.

"కొత్తోడు," అన్నాడు ఇమాం సాబ్. "ఇప్పుడిప్పుడే నడక నేర్సుకుంటుండు."