కొడప్‌గల్ పహిల్వాన్ గురించి నేను రాసిన అబద్ధం

మా పెద్దబాపు పోయిండు. మొన్న మంగళవారం ఎల్లారెడ్డి బస్సు కామారెడ్డి స్టేషన్ ముందర ఆగంగనే డ్రైవరు దిగి, సీదా నా గూడ్సు ఆఫీసులోకి వచ్చిండు. రోజూ దూరం నుంచి చెయ్యి ఊపి పోయే మనిషి లోపలికి వచ్చి నిలబడ్డడంటేనే నాకు సగం తెలిసిపోయింది.

"అన్నా, వస్తాదు లేడు. పొద్దుగాల ఎడ్లకు కుడితి పెట్టి, గోడకు ఒరిగి కూసున్నడట. గంతే," అన్నడు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. ఎల్లారెడ్డిలో తాలీం నడిపి, ముప్పై ఏండ్లు కుస్తీ నేర్పిన వస్తాదు. ఈ పత్రిక చదివేటోళ్లలో కొందరికి ఆయన ఎరికే. రెండేండ్ల కింద ఇందులోనే ఆయన గురించి నేను రాసిన. ఆ రాసిందాంట్లో తప్పున్నది. దాన్ని దిద్దుతనని నలుగురి ముందర మాటిచ్చి, ఆయన బతికున్నన్ని దినాలు దిద్దలేదు. ఇప్పుడు కలం పట్టిన. చదివేటోళ్లు నన్ను మంచోడనుకోవద్దు.

ముందుగాల ఆయన ఎట్లాంటి మనిషో చెప్పాలె. తలుపు చౌకట్ల పక్కకు తిరిగితే తప్ప పట్టేటోడు కాదు. రెండు చెవులూ నలిగి నలిగి ముద్దలు కట్టినయి. అంత మనిషి మాట్లాడితే పక్కోనికి వినపడేది కాదు. తాలీంలో మట్టి ఎవ్వరినీ తవ్వనిచ్చేటోడు కాదు. తనే తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ పోసి, దోసిట్లోకి తీసుకొని గడ్డగడ్డనూ చిదిపేటోడు. "పడేటోనికి దెబ్బ తాకద్దు బిడ్డా. గెలిచేటోడు ఎట్లన్న మీదనే ఉంటడు గద," అనేటోడు.

శిష్యులు ఏ జాతరలోనన్న గెలిచి, తలపాగ చుట్టుకొని వస్తే, ఆయన అడిగే మొదటి మాట ఒక్కటే: "ఓడినోడెవడు?" పేరు చెప్పకపోతే ఆ దినం వానితోటి మాట్లాడకపోయేది. "గెలిచినోని పేరు డప్పు చెప్తది. ఓడినోని పేరు గెలిచినోడే చెప్పాలె," అనేది ఆయన లెక్క. తను ఏ ఊరు పోయినా, ఆ ఊర్లో తన చేత పడ్డ మనిషి ఇల్లు వెతుక్కొని పోయి, గడపల కూసోని నీళ్లు తాగి వచ్చేటోడు. నేను చాలా దినాలు అది గర్వమనుకున్న. ఓడినోనికి మళ్లొకసారి మొఖం చూపించొస్తున్నడనుకున్న. నా బుద్ధి గట్లుండె.

నాకు కుస్తీ రాదు. నాకొచ్చింది మాటలు. స్టేషన్ ఎదురుంగ చాయ్ హోటల్ల సికింద్రాబాద్ నుంచి వచ్చే గార్డు ఒకాయన ఇంగ్లీషు పేపర్లు తెచ్చేటోడు. వాటిల్లో బాక్సింగ్ ముచ్చట్లుండేవి. పెద్ద బరువోళ్ల పోటీలు, ఎక్కడో అమెరికాల జరిగేవి. ఇప్పటి చాంపియన్ గొప్పనా, పోయిన యుద్ధానికి ముందటి చాంపియన్ గొప్పనా అని గార్డుకు నాకు గంటలు గంటలు వాదం. "మీ పాతాయన ఎవర్ని కొట్టిండు? ముసలోళ్లను," అని నేనంటే, "ఇప్పటాయన కొడుతున్నోళ్లెవరు? నిలబడ చాతగానోళ్లు," అని గార్డు. చుట్టూ పదిమంది మూగేటోళ్లు. నేను తెలుగు చేసి చెప్పేటోణ్ణి. ఒళ్లొంచి ఒక చెంబు ఎత్తకుండ, సాసర్ల చాయ్ పోసుకుంట, లోకంల ఉన్న చాంపియన్లందరినీ పడగొట్టొచ్చు. ఆ సుఖం నాకు అలవాటయింది.

ఒకపారి పెద్దబాపు పనిమీద కామారెడ్డి వచ్చి, ఆ హోటల్ల నా పక్కన కూసున్నడు. అంతా విని మెల్లగ అడిగిండు:

"ఆ ఇద్దరు ఎప్పుడన్న కొట్లాడిండ్రా?"

"లేదు పెద్దబాపు. ఇద్దరి నడుమ ఇరవై ఏండ్ల తేడా."

"మరి ఎవడు గొప్పనో ఎట్ల తెలుస్తది?"

"ఎవలు ఎవలెవల్ని కొట్టిండ్రో చూసి అంచనా కడుతం."

ఆయన చాయ్ ఊదుకున్నడు. "కొట్టించుకున్నోళ్లను అడిగిండ్రా?" అన్నడు.

అందరం నవ్వినం. నేను అందరికంటె ఎక్కువ నవ్విన.

ఆ ఏడే సదాశివనగర్ నుంచి ఒక పడుచు పహిల్వాన్ పైకొచ్చిండు. హైదరాబాద్ పోయి గెలిచిండు, నాందేడ్ పోయి గెలిచిండు. నాకు రాయాలని చెయ్యి దురద పుట్టింది. 'నాటి పహిల్వాన్, నేటి పహిల్వాన్' అని పేరు పెట్టి, చాయ్ హోటల్ల నేర్చిన వాదమంతా మా పెద్దబాపు మీదికి తిప్పిన. అందులో మాటలు నాకిప్పటికీ కంఠతా వచ్చు: "నాటి వస్తాదుకు సరియైన జోడు దొరకలేదు. ఆయన పడగొట్టినవారు నాగలి విడిచి నేరుగా గోదాలోకి దిగిన రైతులు. కొడప్‌గల్ పహిల్వాన్ వంటి గడ్డిమోపును ఎత్తివేయుటకు గొప్ప బలమేమీ అక్కరలేదు."

ఆ కొడప్‌గల్ పహిల్వాన్‌తోటి కుస్తీ జరిగినప్పుడు నేను తొట్టెల ఊగుతున్న.

పత్రిక వచ్చినంక ఎల్లారెడ్డి పోయిన. పెద్దబాపుకు చదువు రాదు. తన గురించి అచ్చుపడ్డదని సంబురపడి, వాడకట్టోళ్లను పిలిచి అరుగు మీద కూసోపెట్టిండు. "చదువు బిడ్డా," అన్నడు. చదివిన. ఆ మూడు వాక్యాల దగ్గరికి రాంగనే నా నాలుక వాటిమీంచి దుంకింది. పొగిడిన కాడ గొంతు పెంచిన. అంతా అయినంక ఆయన కండ్లు తుడుచుకొని, "మంచిగ రాసినవ్. కొడప్‌గల్ ఆయన పేరు వినపడలేదేంది?" అని అడిగిండు.

"రాసిన పెద్దబాపు. చోటు చాలక వాళ్లే తీసేసిండ్రు," అన్న.

చేతుల పత్రిక ఉంది. అందులో ఆ పేరుంది. నేను అబద్ధమాడిన.

నెల తిరగకముందే బడిపంతులుతోటి మళ్లొకసారి చదివించుకున్నడట, ఇష్టమై. పంతులు వదలకుండ చదివిండు. నాకు కబురొచ్చింది: రెండు దినాల సెలవు పెట్టి రమ్మని. పోయేసరికి ఎడ్లకు కచ్చురం బండి కట్టి ఉంది. "ఎక్కు. పెద్దకొడప్‌గల్ పోదాం," అన్నడు. తొవ్వ పొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు. తెచ్చుకున్న జొన్నరొట్టెల్లో పెద్దది నాకే ఇచ్చిండు.

కొడప్‌గల్ పహిల్వాన్ ఇంటి ముందర జాలారి కాడ ఒక అవ్వ గిన్నెలు తోముతున్నది. ఆయన భార్య. పెద్దబాపును చూసి లేచి, నీళ్లు తెచ్చిచ్చి, "అన్నా, ఆ కాగితం వచ్చిన కాన్నించి మీ దోస్తు తాలీం దిక్కు పోతలేడు. ఊర్లె పోరగాండ్లు గడ్డిమోపు, గడ్డిమోపు అని కూస్తున్నరు," అన్నది. రాసిందెవరో ఆమెకు తెల్వదు. నాకూ ఒక చెంబు ఇచ్చింది.

లోపల్నించి ఆయన వచ్చిండు. సన్నగ, పొడుగ్గ. కుడి చెయ్యి భుజం కాడికి లేవది. ఇద్దరు ముసలోళ్లు పక్కపక్కన కూసున్నరు. వాడకట్టు మగోళ్లు నలుగురు పోగైండ్రు. అప్పుడు పెద్దబాపు నా దిక్కు తిరిగి, నేను ఎన్నడూ వినని పెద్ద గొంతుతోటి అడిగిండు:

"ఈయనతోటి నా కుస్తీ నువ్వు చూసినవా?"

"చూడలే."

"చూసినోళ్లను అడిగినవా?"

"అడగలే."

"మా ఇద్దరిలో ఒక్కనినన్న అడిగినవా? నేను నీ ఇంటోణ్ణే గద బిడ్డా."

పెద్దబాపు ఆగలేదు. "నన్ను తక్కువ చేస్తే చెయ్యి, నీ పెద్దబాపును," అన్నడు. "సదాశివనగరాయన పుట్టకముందే నా కుస్తీ అయిపోయింది. నన్నూ ఆయన్నీ జోడు కలిపింది నీ నోరే. కానీ ఈయన నిజంగ నా ముందర నిలబడ్డడు. నిలబడ్డోణ్ణి లేడని రాస్తవా?"

కొడప్‌గల్ ఆయనే అడ్డం పడ్డడు. "పోనీ అన్నా, చిన్నోడు," అన్నడు. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు.

ఆ దినం ఆ ఇద్దరి నోట విన్న కుస్తీ ఇది. రాస్త అని అక్కడ మాటిచ్చిన. రెండేండ్లు ఆలస్యంగ ఇప్పుడు రాస్తున్న.

ఎల్లారెడ్డి జాతరలో పగటి అన్నాలు అయినంక పట్టు పడ్డరు. డప్పులు కొట్టేటోళ్లకు చేతులు నొచ్చి మనుషులు మారిండ్రు గని ఈ ఇద్దరు విడవలేదు. కొడప్‌గల్ పహిల్వాన్ మా పెద్దబాపును మూడుసార్లు భూమి మీంచి లేపిండు. మూడోసారి పెద్దబాపు ఒక భుజం మట్టికి తాకింది. రెండోది సుతం తాకితే ఓటమే; అది తాకకుండ ఎట్ల తిరిగిండో ఆయనకే తెల్వదట. పొద్దు గుంకే యాళ్లకు ఒక పట్టులో కొడప్‌గల్ ఆయన కుడి భుజం కీలు తప్పింది. ఆయన చప్పుడు చెయ్యలేదు. ఒంటి చేత్తో పట్టుకోనే ఉన్నడు. చెయ్యి వదులైందని పెద్దబాపుకు తెలిసి, పట్టు విడిచి, పెద్దమనుషుల దిక్కు తిరిగి, "సమానం చెప్పుండ్రి," అని ఒర్రిండు. కొడప్‌గల్ ఆయన ఒప్పుకోలేదు. "నా చెయ్యి పోయింది గని నేను పోలే. పట్టు," అన్నడు. పెద్దబాపు ఆయన్ని పట్టి, నిద్రపోయిన పిల్లను పండవెట్టినట్టు మట్టిల పండవెట్టిండు. ఓడిండంటే గట్ల ఓడిండు.

ఒక్క కాడ ఇద్దరి మాటా కలవలేదు. చెయ్యి పోకపోతే తనే ఓడేటోణ్ణని పెద్దబాపు. కాదు, అప్పటికే తన దమ్ము అయిపోయిందని ఆయన. ఆ ఇద్దరు గెలుపును ఒకని ఒళ్లోకి ఒకడు తోసుకుంటుంటే, ఎవడు గొప్పనో తేల్చేటందుకు పుట్టిన నేను నడుమ కూసున్న.

మరి ఎందుకు రాయలేదంటే, యుద్ధం మూలాన కాగితం కరువై పత్రిక పుటలు తగ్గించిండ్రు, అది నిజమే. కానీ అప్పుడు కూడ నా వేరే రాతలు రెండు అచ్చుపడ్డయి. హోటల్ల పదిమంది ముందర నా మాట పోతదని భయపడ్డ. సదాశివనగర్ పహిల్వాన్ సుతం ఒకపారి స్టేషన్ల రైలు దిగి నన్ను నిలదీసిండు. "అన్నా, నన్ను లేపేటందుకు ఆ పెద్దమనుషుల్ని దించుడెందుకు? నేను అడిగిన్నా?" అన్నడు. ఆయనకు కూడ రాస్తున్న, రాస్తున్న అని చెప్పిన.

కొడప్‌గల్ నుంచి వచ్చినంక రెండుసార్లు పెద్దబాపు, "వచ్చిందా బిడ్డా?" అని అడిగిండు. తర్వాత అడుగుడు బందు చేసిండు. పోయినప్పుడల్ల పిల్లల బాగు అడిగేటోడు, వానలు అడిగేటోడు, ఆ మాట మాత్రం ఎత్తకపోయేది. ఆయన అడగని ఆ మాట నేను కామారెడ్డి బస్సెక్కే దాక నా ఎంబడి వచ్చేది.

మంగళవారం నాడు సదాశివనగర్ పహిల్వాన్ పాడె మోసిండు. కొడప్‌గల్‌కు కబురు ఆలస్యంగ పోయింది. మూడోనాడు పగటీలి ఆయన బండి వచ్చింది. కట్టె కాలిపోయింది, చూడనీకె ఏం లేదు. నేను ఎదురు పోయి, ఆయన చెయ్యి పట్టి దించి, "రాస్తున్న పెద్దయ్యా. ఈసారి తప్పకుండ వస్తది," అన్న.

ఆయన నా మొఖం చూసిండు. "ఆయనకు సదివి వినిపిస్తివా?" అన్నడు.

ఆయన నన్ను దాటి తాలీంలోకి పోయిండు. తలపాగ తీసి గోడకు పెట్టి, మెల్లగ గోదాలోకి దిగిండు. కుస్తీకి ముందు ఒకని భుజం మీద ఒకడు పిడికెడు మట్టి వేసుకునుడు పహిల్వాన్ల రివాజు. ఆయన వంగి ఎడమ చేత్తో మట్టి తీసి, ఎదుటి మనిషి భుజం ఉండేటంత ఎత్తుకు చెయ్యి లేపి, వేళ్లు విప్పిండు. గాలి లేదు. మట్టి సీదా కిందికి రాలింది. ఆయన చెయ్యి చాలాసేపు అట్లనే ఉంది.