మూడో తొట్టె

మా మేనమామ నూకయ్య ముప్పయ్యేళ్లు చింతపల్లి రేవులో గంపల్లో చేపలు ఏరాడు. మోకాళ్లు పోయాక విజయనగరం దగ్గర ఒక కాలేజీ పరిశోధనశాలలో తొట్టెలు కడిగే పనికి చేరాడు. డిగ్రీ ఉన్న నాకు ఆ గేటు కూడా తెరవలేదు.

అక్కడి చేపలు బియ్యపుగింజంత ఉంటాయి, ఒళ్లు అద్దంలా ఉంటుంది. పసిపిల్లల మెదడులో లేచిన గడ్డల నుంచి తీసిన కణాలను వాటి తలలోకి సూదితో ఎక్కిస్తారు. మొదటి తొట్టెలో సూది పడని చేపలు, రెండో తొట్టెకు ఉత్తి నీళ్లు, మూడో తొట్టెకు కొత్త మందు. ఎందులో ఎన్ని చస్తున్నాయో రోజూ రాసుకుంటారు. ఇదంతా నేను చదివి తెలుసుకున్నాను. మావకు ఎవరూ చెప్పలేదు. ఆ ప్రయోగం నడిపే అరుణశ్రీ మేడం చెప్పింది ఒక్కటే: "మూడో తొట్టె జాగ్రత్త, నూకయ్యా."

జాగ్రత్తగానే చూసుకున్నాడు. రేవులో గంపను వేలంపాటకు పెట్టేముందు పాడైనవి తీసేసి, పక్క గంపలోని మంచివి వేసి లెక్క సరిచేస్తారు. ఇక్కడా అదే చేశాడు. రోజూ పొద్దున్నే మూడో తొట్టెలో చచ్చినవాటిని, ఒరిగి ఈదేవాటిని తీసి పారేసి, పక్క గదిలోంచి అదే ఈడు చేపపిల్లలను తెచ్చి వేశాడు.

పదకొండో రోజు మేడం మొహం వెలిగిపోయింది. రెండో తొట్టెలో సగం చచ్చాయి. మూడోదానిలో ఒక్కటీ చావలేదు.

"మందు పనిచేసింది నూకయ్యా! ఇక పిల్లల దాకా తీసుకెళ్లొచ్చు."

"ఏ పిల్లలకమ్మా?"

"తలలో గడ్డలొచ్చిన పిల్లలకి."

మావ చేతిలోని బ్రష్ కింద పెట్టాడు. "మందు కాదమ్మా. సచ్చినవి నానే తీసీసినాను. మంచివి ఏసినాను."

మర్నాటి నుంచి రావద్దన్నారు. బస్టాండులో కనిపించి సంగతి చెబితే నా ఒళ్లు మండింది.

"నోరు మూసుకోలేకపోయావా మావా? ఎవడికి తెలుస్తాది?"

"అన్ని పుత్తకాలు సదివినావు, ఇది తెలీదేట్రా? ఆ మందు రేపు ఏ పిల్లకో ఏత్తారు."

"నిన్ను గెంటేశారు కదా!"

"గెంటితే గెంటినారు. 'ఎన్ని సచ్చినాయి నూకయ్యా, లెక్క సెప్పు, మిగతాది సరిసేసుకుంటాను' అని ఆయమ్మ ఏడిసినంత పని సేసింది. పారేసినవి ఏనాడైనా లెక్కెట్టినానేట్రా అల్లుడా?"