అవ్వ నోట రాని మాట

నా చిన్నప్పుడు, సోమల దగ్గర మా పల్లెలో ఏ పశువు మేత మానినా మా అవ్వనే పిలిచేవాళ్లు. గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, పశువు తల చుట్టూ మూడుసార్లు తిప్పి, "సల్లగుండాల" అంటూ దిష్టి తీసేది. డాక్టరు సూది వేసి పోయినా సరే, అవ్వ చెయ్యి తిరిగితేనే జనానికి నిమ్మళం.

ఆ ఏడు మా దూడ పక్కింటి అత్త చెనక్కాయ చేలో పడింది. ఆమె కట్టెతో కొట్టిన దెబ్బకు దాని కాలు విరిగింది. అవ్వ ఆమెతో మాట మానేసింది. నెల తిరగకుండానే ఆ అత్త ఆవు పడకేసింది. పొట్టి పుంగనూరు ఆవు. ఆ ఇల్లంతా దాని పాల మీదే బతికేది. పొద్దున్నే అత్త మా వాకిట్లోకొచ్చి, "పెద్దమ్మా, ఒక్కసారి వచ్చి తిప్పు" అని ఏడ్చింది.

అవ్వ కదల్లేదు. "నా కడుపులో ఇంకా మంట ఉండాదమ్మా. సల్లగుండాలని నోరు అంటాది, మనసు అనదు. రవ్వంత సేపు ఆగు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఊరికే తిప్పి వచ్చేయవ్వా, ఎవరికి తెలుస్తాది?" అన్నాను.

"యాల తెలీదు? నాకు తెలుస్తాది గదా! మనసులో లేని మాట దేవుని ముందర అనేకి నోరెట్లా వస్తాది?" అని కసిరింది.

అన్నం ముట్టలేదు. కుంటి దూడ పక్కన కూర్చుని దాని కాలు నిమురుతూనే ఉంది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి లేచి, ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి గబగబా నడిచింది. మేం పోయేసరికి ఆవు ప్రాణం పోయింది. అవ్వ అక్కడే కూలబడి, "ఇప్పుడే మనసొచ్చిందమ్మా, ఇప్పుడే" అని అత్త చెయ్యి పట్టుకుంది. అత్త విడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది.

అవ్వది మొండితనమని ఊరంతా తిట్టింది. నేనూ చాలా ఏళ్లు తిట్టుకున్నాను. దిష్టి తీస్తే ఆవు బతికేదని ఇప్పుడు నమ్మను. కానీ ఆ పొద్దు అత్త పక్కన ఒక మనిషి కూర్చుని ఉండాల్సింది. అయినా అవ్వ అబద్ధమాడి ఉంటే బాగుండేదని మాత్రం అనలేను.

మొన్నామధ్య, పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని మా తమ్ముడు ఆపరేషనుకని మదనపల్లెలో ఆసుపత్రిలో చేరాడు. ఫోన్ చేసి "బాగైపోతావులేప్పా" అన్నాను. పెట్టేశాక నాకే అనుమానం వచ్చింది. నిజంగా అనుకున్నానా, మర్యాదకు అన్నానా? తేల్చుకోలేక బస్సెక్కాను. వాడి మంచం పక్కనే కూర్చున్నాను. మూడో రోజుకు గానీ ఆ మాట మళ్లీ అనడానికి నాకు నోరు రాలేదు.