శావల్యాపురం బస్సులో సున్నం బస్తా

సున్నపు నేలకు మళ్లీ సున్నం చల్లించడం తప్పు. దున్నితే తెల్లరాళ్లు తేలే మా పల్నాడు చేలకు అది మందు కాదు. ఆకు పాలిపోయి కాపు దెబ్బతింటుంది. బడికి పోకపోయినా సేద్యం పుస్తకాలు కూడబలుక్కుని చదివిన వాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

వినుకొండలో బస్సెక్కాను. పక్క సీటులో ఒకావిడ, ఆమె కాళ్ల దగ్గర సున్నం బస్తా.

“ఏందమ్మా, ఇంటికి వెల్ల వేయిస్తున్నావా?” అన్నాను.

“కాదు బాబాయ్, మిరప చేలోకి. కౌలు చేను. ఆసామి హైదరాబాదులో ఉంటాడు. ఫోనులో ఏదో వీడియో చూసి చల్లమన్నాడు.”

“వాడికి లేదు సరే, నీకన్నా బుర్రుండక్కర్లా? చేను పాడైపోదూ!”

బస్సంతా తిరిగి చూసేలా అరిచాను. ఆమె చీరకంటిన తెల్లపొడి దులుపుకుంటూ కూర్చుంది. నేను అడిగిందే మళ్లీ మళ్లీ అడిగాను. శావల్యాపురంలో దిగబోతూ బస్తా చంకనెత్తుకుని, నా వైపు వంగి మెల్లగా చెప్పింది:

“అరవమాకు బాబాయ్. నేను కాదంటే చేను ఇంకొకళ్లకిస్తాడు. వాళ్లు చేనంతా చల్లుతారు. నేనైతే ఆయన కారాపి చూసే రోడ్డు గట్టెంట మటుకే చల్లుతా.”