దుబాయ్‌లో ఫిజిక్సట!

మా కోరుట్లలో దుబాయ్ అన్న మాటకు ఒక్కటే అర్థం ఉన్న కాలంలో నేను అక్కడికి ఫిజిక్స్ డిగ్రీ చదవడానికి వెళ్ళాను. జర్మనీ అనో లండన్ అనో చెప్పి ఉంటే చదువుకేనని జనం వాళ్ళంతట వాళ్ళే అనుకునేవారు. దుబాయ్‌లో కూడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయాలుంటాయనీ, అందులో ఒకటి నా మార్కులు చూసి ఫీజంతా మాఫీ చేసి మరీ రమ్మందనీ మా బాపు తన మోటర్ వైండింగ్ దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. వాళ్ళు శ్రద్ధగా విని, "మంచిగైంది. ఏ కంపెనీ?" అనేవారు. (కంపెనీ కాదు, కాలేజీ అని బాపు దిద్దితే, "గదే, కాలేజీల ఏం పని?" అనేవారు.)

మొదటి ఏడాది సెలవులకు వచ్చేటప్పుడు నాకు కొంత గర్వం ఉండింది, కాదనను. క్లాసులో చాలామంది తప్పిన మెకానిక్స్ పరీక్ష నేను గట్టెక్కాను. ఆ సంగతి ఎవరైనా అడుగుతారని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. వచ్చిన వారానికే సిరిసిల్లలో మా పెద్దమ్మ కొత్తింటి గృహప్రవేశానికి వెళ్ళాం. పెద్దమ్మ మస్కట్‌లో ఇళ్ళల్లో పనిచేసి కూడబెట్టి కట్టుకున్న ఇల్లు అది. షామియానా కింద భోజనాల బంతిలో నా పక్కన వీసాల మామ కూర్చున్నాడు. జగిత్యాలలో గల్ఫ్ వీసాలు ఇప్పించే ఏజెంటు, బాపుకు వరుసకు బావ.

"బిడ్డా, నిన్ను ఎవలు పంపిండ్రు? నన్నడిగితే మంచి వీసా చూడకపోదునా?"

"ఎవలు పంపలే మామా. నేను ఫిజిక్స్ చదువుతున్న."

"ఎంతిస్తున్నరు?"

"ఏమియ్యరు మామా. చదువు గదా."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. మెల్లగా బాపు వైపు తిరిగి, "బావా, పిల్లకు జీతమిస్తలేరట" అన్నాడు.

ఆ మాట బంతి వెంబడి సాగింది. పప్పు వడ్డించేసరికి నాకు జీతం ఆపేశారు. పెరుగు వచ్చేసరికి నేను తట్టుకోలేక పారిపోయి వచ్చాను. అటు చివర కూర్చున్న ఒకామె నన్ను చూసి కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసి, ప్రయోగశాలలో మా స్నేహితురాలు తీసిన ఫోటో అందరి ముందూ పెట్టాను. (నా దగ్గర ఇంకా ఎన్నో ఫోటోలున్నాయి. ఆ క్షణంలో చేతికి అదే ఎందుకు తగిలిందో ఇప్పటికీ తెలియదు.) అందులో నేను నీలం కోటు, చేతులకు తొడుగులు వేసుకుని, లేజర్ ముందు పెట్టే కటకాన్ని గుడ్డతో తుడుస్తున్నాను.

"అద్దాలు తుడుస్తున్నది" అందొకామె, పక్కామెకు ఫోన్ అందిస్తూ.

"తుడిస్తేంది? దాంట్ల తప్పేమున్నది బిడ్డా," అన్నాడు వీసాల మామ, నన్ను ఓదారుస్తూ. "ఏసీల పని. ఎండల ఇటుకలు మోస్తలేవు గదా."

"అది అద్దం కాదు మామా. దాని మీద దుమ్ముంటే లెక్క తప్పుతది. మేం వెలుతురును కొలుస్తం."

"కొలిచి?"

కొలిచి ఏం చేస్తారో మా ప్రొఫెసర్ చెప్పలేదు. ఆ ఉక్రోషంలో, "నేను ఎవ్వల ఇండ్లల్ల పని చేస్తలేను, చదువుకుంటున్న" అని పందిరంతా వినబడేలా అరిచాను. అమ్మ ఒకసారి పెద్దమ్మ వైపు, ఒకసారి నా వైపు చూసింది. నేను విసురుగా లోపలికి పోయి, కొత్త రంగు వాసన వస్తున్న గదిలో ఒక మూల కూర్చున్నాను.

కాసేపటికి పెద్దమ్మ లడ్డూల పళ్ళెంతో వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఏడ్వకు బిడ్డా."

"ఏడుస్తలేను పెద్దమ్మా, కోపమొస్తున్నది. నేను నిజంగనే చదువుకుంటున్న."

"గట్లనే చెప్పు. నేను గూడ మొదట్ల కుట్టుమిషిను నేర్చుకుంటున్న అనే చెప్పిన." నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "పాస్‌పోర్టు ఎవల తాన ఉన్నది?"

"నా తాననే."

"ఏది, చూపియ్యి."

అమ్మ పోరు పడలేక ఎక్కడికి పోయినా దాన్ని నా సంచిలోనే పెట్టుకుని తిరిగేదాన్ని. తీసిచ్చాను. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా ఫోటో చూసి, వేలితో ఒకసారి తడిమి, తనే సంచిలో పెట్టి జిప్పు వేసింది.

"నాది ఎన్నడు నా చేతిల లేకుండె. మేడమ్ బీరువల ఉండె. నీది నీ తాననే ఉన్నదంటే మంచి జాగల పడ్డవు బిడ్డా."

నేను కాలేజీ, పరీక్షలు, మెకానిక్స్ అంటూ మళ్ళీ మొదలుపెట్టబోయాను. ఆమె అప్పటికే లేచి బయటికి నడిచింది. "పిల్ల మంచి జాగల ఉన్నది. ఎవ్వలు ఏం అడగకుర్రి" అని పందిట్లో ఆమె చెప్పడం వినిపించింది. అంతే, ఆ తర్వాత వీసాల మామ కూడా నోరెత్తలేదు.

ఏడాది పొడుగునా బాపు చెప్పినా, నేను గొంతు చించుకున్నా నమ్మని జనం పెద్దమ్మ ఒక్క మాటకు నమ్మేశారు. అదీ తప్పు సంగతి నమ్మారు. ఆ మంటతో లడ్డూల పళ్ళెం అటు తోసేసి, కోరుట్ల చేరేదాకా బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత డిగ్రీ పూర్తయింది, పట్టా వచ్చింది, ఇప్పుడు పిల్లలకు అదే ఫిజిక్స్ చెబుతున్నాను. బస్సు కిటికీకి ముఖం ఆనించి మూతి ముడుచుకున్న ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. పెద్దమ్మ తెల్లవారుజామునే లేచి తన చేత్తో చుట్టిన లడ్డూలవి. పిచ్చి మొద్దు, ఒకటైనా తినాల్సింది.