సుజాత వదిన చూసిన సముద్రం

ఈ రోజు సాయంత్రం టీవీలో సముద్ర జీవుల కార్యక్రమం వస్తుంటే, పక్కింటి సుజాత వదినను నేనే పిలిచాను. వాళ్లాయన మస్కట్‌లో ఉంటాడు, సరుకుల ఓడలో వంట పని. వదిన ఎల్లారెడ్డి, కామారెడ్డి దాటి పోయింది తక్కువ. సముద్రం ఎన్నడూ చూడలేదు.

"దా వదినా, అన్న రోజూ చూసేది నువ్వు గూడ చూడు" అన్నాను.

మొదట రంగురంగుల చేపలను చూసి ఇద్దరం మురిసిపోయాం. తర్వాత తుఫాను వచ్చింది. మేడలంత అలలు ఒక ఓడను ఎత్తి పడేస్తుంటే, తిమింగలాలు ఏమీ పట్టనట్టు ఈదుతున్నాయి. నేను "అబ్బ, ఎంత బాగుందో!" అంటూనే ఉన్నాను. వదిన మాత్రం ఆ ఓడ మీది నుంచి చూపు తిప్పలేదు.

"సముద్రమంటే మన నిజాంసాగర్ లెక్కనే, జర పెద్దగ ఉంటదని చెప్పిండు నాకు" అంది మెల్లగా.

వెంటనే ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆయన నవ్వాడు. "టీవీల గట్లనే పెద్దగ చేసి చూపిస్తరే. ఈడ గట్లేం లేదు."

వదిన ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "నిజమేనా? నువ్వు సదువుకున్నదానివి, చెప్పు."

"అవును వదినా, అంత గ్రాఫిక్సే."

"గంతేనా! నా పానం పోయినంత పనైంది" అని కొంగుతో ముఖం తుడుచుకుని ఇంటికి వెళ్లింది.

ఆయన ఆమె మీద ప్రేమతో అబద్ధం చెప్పాడు. నేను, ఆమెను పిలిచి భయపెట్టిన నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెప్పాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. మీరైతే నిజం చెప్పేవాళ్లా?