లెక్కలో లేని ఏడో మనిషి

మొన్న ఆదివారం వనపర్తిలో మా అక్క మనుమరాలు అద్దెకుండే గదికి బియ్యం మూట దించి వద్దామని పోయి, పోయినవాణ్ణి పోయినట్టే అంతరిక్షంలో ఇరుక్కుపోయాను. నవ్వకండి. ఆ పిల్లా, దాని కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురూ చాప మీద కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచిక ఒకటి పరుచుకుని కూర్చున్నారు. ఆటకు ఒక మనిషి తక్కువయ్యాడట. నా మోకాళ్ళ సంగతి అడగకుండానే నన్ను కూర్చోబెట్టేశారు.

మన ఈడు వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది మనం చిన్నప్పుడు చూసిన వీధి భాగోతం లాంటిదే, కాకపోతే మొహానికి రంగు ఉండదు, లేచి గంతులేయడం ఉండదు, కథ ఎటు పోతుందో ఆడేవాళ్ళకే తెలియదు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్ళు తలా ఒక వేషం తీసుకుని నేనిది చేస్తానంటే నేనిది చేస్తానంటారు, అది అయిందో కాలేదో పాచిక చెబుతుంది. కథ నడిపేది మా మనుమరాలే. చుక్కల మధ్య తిరిగే ఓడలో కెప్టెన్, డాక్టరు, తుపాకీ పట్టేవాడు, యంత్రాలు బాగుచేసేవాడు అని వేషాలన్నీ చదివింది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, నాకు తోచింది నేనడిగాను.

"గదంత సరే గాని బిడ్డా, వంటెవరు చేస్తరు?"

పిల్లలు పడీ పడీ నవ్వి నా కాగితం మీద వంటమనిషి అని రాశారు. రేపో మాపో మీ మనుమలు మిమ్మల్ని కూడా కూర్చోబెడతారు కాబట్టి ముందే చెబుతున్నాను, తుపాకీ వేషం కోసం కొట్లాడకండి. అన్నం పెట్టేవాణ్ణి ఎవరూ తొందరపడి చంపుకోరు.

ఓడ బయలుదేరి పది నిమిషాలు కాలేదు, రాయేదో వచ్చి తగిలి మేమున్న గది తలుపులన్నీ మూసుకుపోయాయి. గాలి కొంచెమే మిగిలిందని, అవతల ఎవరో గోడ మీద కొడుతున్నారని మనుమరాలు గొంతు తగ్గించి చెప్పింది.

"లోపల ఎంతమంది ఉన్నరని అడుగుతుండ్రు. ఏం చెప్తరు?"

పిల్లలు పాచిక అందుకున్నారు. నేను మాత్రం పాచిక ముట్టలేదు. ఆ ప్రశ్న నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను, ఇనుప గొట్టంలోంచి.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళుంటాయేమో. మానవపాడు దగ్గర మా ఊరి నుంచి గుంపు మేస్త్రీ వెంట ఉత్తరాన ఎక్కడో కొండల్లో సొరంగం తవ్వే పనికి పోయాం, నేనూ మా బావా. బావంటే ఈ మనుమరాలి తాతే. సొరంగం మూతి దగ్గర ఒక చెక్క, దానికి వరసగా మేకులు ఉండేవి. లోపలికి పోయేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మేకుకు తగిలించి పోవాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. మేకుకు బిళ్ళ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు, లేదంటే లేనట్టు, అంతే, పేర్లతో మొహాలతో వాళ్ళకు పనిలేదు. రెండు రోజులు హాజరు తప్పితే ఇంటికి పంపేవాళ్ళు కనక, ఒకరికి జరమొస్తే ఇంకొకరు వాని బిళ్ళ తగిలించి పని చేసి రావడం మా గుంపులో మామూలు.

ఆ రోజు బావకు జరం, నాకు సెలవు. అతని బిళ్ళ తగిలించి నేను పోయాను. మధ్యాహ్నానికి జరం దిగిన బావకు నేను తినకుండా పోయానన్న సంగతి గుర్తొచ్చి, జొన్నరొట్టెలు, ఉల్లికారం తువ్వాలలో కట్టుకుని వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు. తగిలించడానికి అతని దగ్గర బిళ్ళ లేదు, అది అప్పటికే మేకు మీద ఉంది కదా. నేను రొట్టె తుంచానో లేదో, మాకూ బయటికీ మధ్య పైకప్పు కూలింది.

ఏడుగురం, ఒక్క లైటు. బావ కాలు రాయి కింద నలిగింది, తక్కినవాళ్ళం బాగానే ఉన్నాం. భయమేస్తే నాకు నోరు ఊరుకోదు.

"బావా, రొట్టెలు తెస్తివి గాని నీళ్ళు మరిస్తివి. అక్కకు చెప్త."

"చెప్పెటందుకన్న బతుకు బామ్మర్దీ, జర నోరు మూస్కోని గాలి దాచిపెట్టు."

ఎంతసేపటికో రాళ్ళ మధ్య నుంచి ఇనుప గొట్టం ఒకటి దూరింది. అందులోంచి మేస్త్రీ గొంతు.

"ఎంతమంది ఉన్నర్రా లోపల?"

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మేకుల మీద ఆరు బిళ్ళలు. ఏడుగురమంటే బిళ్ళ మార్చిన సంగతి బయటపడుతుంది, నేనూ బావా ఇద్దరమూ మూట సర్దుకోవాలి. మరుక్షణం ఊపిరి ఉంటుందో లేదో తెలియనిచోట కూర్చుని పని పోతుందని భయపడ్డాం చూడండి, అదీ మా తెలివి. "ఆరుగురం" అని అందరం చెప్పాం, ఏడోవాడు బయటి గలాటాలో ఎలాగో గుంపులో కలిసిపోతాడనుకున్నాం. మొదట అన్నది బావే.

మనిషి పాకేంత సందు చేసి, పైరాళ్ళు జారకుండా దుంగ ఆనించి, ఒక్కొక్కరినే బయటికి లాగారు. నలిగిన కాలుతో సందుకు అడ్డంపడతానని బావ ఆఖరున వస్తానన్నాడు. నేను ఆరోవాణ్ణి. నా నడుము దాకా బయటికి వచ్చేసరికి అవతల ఎవరో ఆరు అని లెక్క ముగించి, వీడు రాగానే దుంగ గుంజేయమన్నారు. వెనక చీకట్లో బావ చెయ్యి నా మడమను పట్టుకుంది. లాగలేదు, పట్టుకుందంతే. తర్వాత వదిలేసింది.

ఎన్నడూ ఊరుకోని నా నోరు అప్పుడు ఊరుకుంది. ఒక్క ఊపిరంత సేపు కావచ్చు, కానీ ఆ ఊపిరిలో నేను ఆలోచించింది బావ గురించి కాదు, పని గురించి. ఆ తర్వాతే మోచేతులు రెండూ సందు అంచు రాళ్ళకు తన్నిపట్టి సందులో బిగుసుకుపోయాను.

"లెక్క తప్పు మేస్త్రీ. ఇంకో మనిషున్నడు. దుంగ తియ్యనంటేనే వస్త, లేకుంటే ఈడనే ఉంట."

బావ బయటికొచ్చాడు. మర్నాడే ఇద్దరి బిళ్ళలూ గుంజుకుని పంపేశారు. కుంటికాలు ఎలా వచ్చిందని అడిగితే ఎద్దులబండి మీంచి పడ్డానని బావ ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాడు. నా ముక్కు మీద, నా నడక మీద, నా పెళ్ళి మీద చివరిదాకా వేళాకోళం ఆడినవాడు, ఆ ఒక్క ఊపిరి సంగతి మాత్రం పోయినేడు కన్నుమూసేదాకా ఎత్తలేదు. ఎత్తి రెండు తిట్లు తిట్టి ఉంటే నేనూ తేలికపడేవాణ్ణి.

"ఏంది తాతా, ఇగ నీ వంతే. ఎంతమందని చెప్పాల?" అంది మనుమరాలు. గది మూలమూలలా వెతికి, మనుషులను తాకి చూసి మరీ లెక్క చెప్పాలని నేను పట్టుబట్టాను. మొదటిసారి ఆడేవాళ్ళకు నేనిచ్చే సలహా ఏదైనా ఉందంటే ఇదొక్కటే, ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు. వెతికాం. మేం నలుగురం తప్ప ఎవరూ లేరు, నలుగురమేనని పిల్లలు గోడ అవతలికి చెప్పేశారు. ఈలోగా గాలి అయిపోయి నా వంటమనిషి పోయాడు. పిల్లలు ఏమీ అనుకోలేదు, ఇంకో తెల్లకాగితం నా చేతిలో పెట్టి వేరే వేషం రాసుకోమన్నారు.

బస్సుకు టైమైందని లేచాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని వచ్చాను, ఇంకా ఏమీ రాయలేదు. ఎద్దులబండి కథే ఆ పిల్లకు తెలుసు, అసలు కథ చెబుదామనుకుంటే గుమ్మం దగ్గర నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎంతమంది ఉన్నారని అడిగితే ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఉన్నమాట నవ్వుతూ చెప్పేశారు. నిజం చెబితే వాళ్ళకు పోయేది ఆట ఒక్కటే. అంతమాత్రం వెసులుబాటు ఆ రోజు మాకు ఉండి ఉంటే, నా మడమ మీద బావ చెయ్యి ఇన్నేళ్ళు ఉండేది కాదు.